చర్చిలో సేఫ్‌గార్డింగ్, బాధితుల భాగస్వామ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కృష్ణా జిల్లాలో ఒక సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పుట్టి పెరిగాను. ఇప్పుడు ఇంగ్లాండులో ఉంటున్నాను, ఇక్కడ ఒక పారిష్‌లో ఆరేళ్లు సేఫ్‌గార్డింగ్ ఆఫీసరుగా జీతం లేకుండా పనిచేశాను. దాంతో రెండు దేశాల నుంచీ ప్రశ్నలు వస్తుంటాయి: ఇక్కడి తెలుగు ఆరాధన గ్రూపుల నుంచి, ఊళ్లో పాస్టర్ల నుంచి, ఒక్కోసారి అర్ధరాత్రి ఎవరిదో తెలియని నంబరు నుంచి. ఎవరికి వాళ్లకు విడిగా రాసే బదులు జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఉదాహరణలు ఎక్కువగా చర్చ్ ఆఫ్ ఇంగ్లాండువే, నేను దగ్గరగా చూసింది అదే కాబట్టి. మన సంఘాల సంగతి చివర్లో ఉంది, తొందరగా ఉన్నవాళ్లు ముందు అది చదువుకోవచ్చు.

సేఫ్‌గార్డింగ్ అంటే అసలు ఏమిటి?

చర్చికి వచ్చే పిల్లలకు, ఆడవాళ్లకు, వృద్ధులకు, ఒంటరిగా ఉన్నవాళ్లకు, ఎవరికైనా సరే చర్చి మనుషుల వల్ల హాని జరగకుండా చూడటం, జరిగితే దాచిపెట్టకుండా పోలీసులకు చెప్పి బాధపడ్డవాళ్ల పక్కన నిలబడటం. సండే స్కూల్ టీచర్ల నేపథ్యం తనిఖీ చేయడం, ఫిర్యాదు ఎవరికి చేయాలో గోడ మీద రాసిపెట్టడం, ట్రైనింగులు, ఆడిట్లు అన్నీ ఇందులోకే వస్తాయి. లైంగిక హింస ఒక్కటే కాదు, కొట్టడం, బెదిరించడం, దేవుడి పేరు చెప్పి మనిషిని గుప్పిట్లో పెట్టుకోవడం కూడా హింసే.

బాధితులు అనాలా, సర్వైవర్లు అనాలా?

వాళ్లనే అడగండి. కొందరికి 'బాధితురాలు' అంటే తమను ఇంకా ఆ రోజు దగ్గరే నిలబెట్టినట్టు ఉంటుంది. ఇంకొందరు 'నేనింకా దాటలేదు, సర్వైవర్ (దాటి బతికిన మనిషి) అని పేరు పెట్టి మీరు చేతులు దులుపుకోకండి' అంటారు. నేను ఇక్కడ రెండూ వాడుతున్నాను.

పోలీసులు, లాయర్లు, కౌన్సెలర్లు ఉన్నారు కదా, రూల్స్ రాయడానికి బాధితులు ఎందుకు?

ఎందుకంటే తాళం ఎక్కడ పట్టలేదో దొంగతనం జరిగిన ఇంటివాళ్లకు తెలిసినంతగా తాళాలు అమ్మేవాడికి తెలియదు.

ఒక చిన్న సంగతి చెబుతాను. మా పారిష్‌లో ఫిర్యాదు ఫారం ఒకటి తయారుచేశాం. చదువుకున్నవాళ్లం నలుగురం కూర్చుని రాశాం, డయోసిస్ (బిషప్ కింద ఉండే ప్రాంతం) వాళ్లు చూశారు, అందరికీ బాగానే అనిపించింది. చిన్నప్పుడు వేరే ఊళ్లో, వేరే చర్చిలో హింసకు గురైన ఒకావిడకు చూపించాం. ఆవిడ మొదటి గడి దగ్గరే ఆగిపోయారు. అక్కడ 'ఘటన జరిగిన తేదీ' అని ఉంది. 'నాకు తేదీ తెలియదు, చలికాలం అని మాత్రం తెలుసు, మీ ఫారం మొదటి గీతలోనే నన్ను అబద్ధాలకోరును చేసింది' అన్నారు. తర్వాత నోటీసు బోర్డు చూశారు. ఫిర్యాదు చేయాలంటే సంప్రదించాల్సిన మొదటి పేరు వికార్ గారిది, అంటే మా చర్చి పాదిరిది. 'చేసింది ఆయనే అయితే?' అని అడిగారు. ఆ బోర్డు కాఫీ ఇచ్చే చోట ఉంది, అక్కడ నిలబడి ఎవరు ఏ నంబరు రాసుకుంటున్నారో హాలంతా చూస్తుంది. బాత్రూం తలుపు లోపలి వైపు అంటించమన్నారు. గంటలో ఆవిడ చెప్పిన ఈ మూడు మాటలూ మేం చదివిన ఏ మాన్యువల్‌లోనూ కనిపించలేదు. ఉండి ఉంటే ఉండవచ్చు, చదివినప్పుడు మాకు తట్టలేదు.

ఇదే పెద్ద స్థాయిలో చూడాలంటే చర్చిలు, స్కూళ్లు లాంటి సంస్థల్లో పిల్లలపై లైంగిక హింస మీద ఆస్ట్రేలియా ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ ఉంది. 2013 నుంచి 2017 వరకు నడిచింది, 8,000 మందికి పైగా బాధితులతో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని విన్నారు. జరిగినదాన్ని బయటికి చెప్పడానికి వాళ్లకు సగటున 23.9 ఏళ్లు పట్టిందని అలా వినడం వల్లే తెలిసింది. దాదాపు 24 ఏళ్లు! అంటే 'ఈమధ్య మా దగ్గర ఫిర్యాదులేమీ లేవు' అని ఏ చర్చి అయినా చెబితే, దానికి అర్థం హింస జరగలేదని కాదు. ఇరవై ఏళ్ల తర్వాత రావాల్సిన మాట ఇవాళే రావాలంటే ఏం చేయాలన్నది ఆ ఇరవై ఏళ్లు నోరు నొక్కుకుని బతికినవాళ్లే చెప్పగలరు.

చర్చిలు ఇంతవరకు వాళ్లను అడగనే లేదా?

అడిగాయి, చాలాసార్లు అడిగాయి. అడిగిన తర్వాత ఏం చేశాయన్నదే సమస్య. చర్చ్ ఆఫ్ ఇంగ్లాండు కథ కొంచెం వివరంగా చెప్పాలి.

ఇంగ్లాండు, వేల్స్‌లో పిల్లల మీద లైంగిక హింసపై ప్రభుత్వం వేసిన స్వతంత్ర విచారణ 2020 అక్టోబరులో ఆంగ్లికన్ చర్చి (చర్చ్ ఆఫ్ ఇంగ్లాండు, దానితో బంధమున్న చర్చిలు) మీద నివేదిక ఇచ్చింది. 1940ల నుంచి 2018 వరకు చర్చ్ ఆఫ్ ఇంగ్లాండు పాదిరులు, చర్చిలో నమ్మకంగా పెట్టుకున్న పదవుల్లో ఉన్నవాళ్లు కలిపి 390 మందికి పిల్లలపై లైంగిక నేరాల్లో శిక్ష పడిందని అందులో ఉంది. ఇది కోర్టుల్లో తేలిన లెక్క మాత్రమే. పిల్లల క్షేమం కంటే చర్చి తన పరువుకే పెద్దపీట వేసిందని కూడా ఆ విచారణ తేల్చింది. పరువు అనే మాట మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు కదా.

ఆ తర్వాత 2021లో ఇండిపెండెంట్ సేఫ్‌గార్డింగ్ బోర్డు అని ఒకటి పెట్టారు. అందులో బాధితుల తరఫున మాట్లాడటానికే ఒక సభ్యురాలు ఉండేవారు. అప్పటిదాకా చర్చి ముఖం చూడటానికి ఇష్టపడని కొందరు ఆ బోర్డు సభ్యులను నమ్మి తమ పాత ఫైళ్లు తీసుకొచ్చారు, సమీక్షలు మొదలయ్యాయి. 2023 జూన్ 21న ఆర్చిబిషప్స్ కౌన్సిల్, అంటే చర్చి జాతీయ కార్యవర్గం, ఆ బోర్డును రద్దు చేసి, ఇద్దరు సభ్యులను తీసేసింది. సగంలో ఉన్న ఆ సమీక్షల గతి ఏమిటి, ఆ వార్త విన్న రోజు ఆ మనుషుల గతి ఏమిటి అన్నది ముందుగా ఆలోచించినవాళ్లు లేరు. సారా విల్కిన్సన్ అనే బారిస్టర్ ఇదంతా పరిశీలించి 2023 డిసెంబరులో నివేదిక ఇచ్చారు. బోర్డు పెట్టడంలో తొందరపాటు, ముగించడంలో తొందరపాటు, రెండింటి మధ్యలో మనుషులు నలిగిపోయారు.

జాన్ స్మైత్ సంగతి చాలామంది పేపర్లో చదివే ఉంటారు. క్రైస్తవ క్యాంపులు నడిపిన లాయరు. 1970ల చివరి నుంచి వించెస్టర్‌లో తన ఇంటి తోటలోని షెడ్డులో కుర్రాళ్లను, పాపాలు కడగడం పేరుతో, రక్తం వచ్చేదాకా బెత్తంతో కొట్టాడు. 1982లోనే కొందరు పెద్దలకు రాతపూర్వకంగా తెలుసు, పోలీసులకు చెప్పలేదు. అతను 1984లో జింబాబ్వే వెళ్లాడు, తర్వాత దక్షిణాఫ్రికా, అక్కడా పిల్లలే. చర్చి నాయకత్వానికి 2013లో మళ్లీ తెలిసింది, 2017లో టీవీ వాళ్లు బయటపెట్టారు, 2018లో శిక్ష పడకుండానే చచ్చిపోయాడు. కీత్ మేకిన్ చేసిన సమీక్ష 2019లో మొదలై 2024 నవంబరు 7న బయటికొచ్చింది, ఐదేళ్లు! అయిదు రోజుల తర్వాత చర్చ్ ఆఫ్ ఇంగ్లాండు పెద్ద, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించారు. నలభై ఏళ్లలో ఈ కేసు ప్రతిసారీ ముందుకు కదిలింది బాధితులు ఫోన్లు చేసి, ఉత్తరాలు రాసి, విలేకరులకు చెప్పి, విసిగించి, మళ్లీ అడిగితేనే. వాళ్లు ఊరుకున్న ప్రతిసారీ ఫైలు కూడా ఊరుకుంది.

చివరగా, పైన చెప్పిన ప్రభుత్వ విచారణకు అధ్యక్షురాలిగా ఉన్న ప్రొఫెసర్ అలెక్సిస్ జే 2024 ఫిబ్రవరిలో సేఫ్‌గార్డింగ్‌ను చర్చి చేతుల్లోంచి తీసి రెండు బయటి సంస్థలకు ఇవ్వమని సిఫారసు చేశారు, ఒకటి పని చేయడానికి, ఒకటి ఆ పనిని తనిఖీ చేయడానికి. 2025 ఫిబ్రవరిలో జనరల్ సినడ్ (చర్చి నియమాలు చేసే సభ) అంత దూరం పోలేదు. తనిఖీ బయటివాళ్లకు ఇవ్వడానికి ఒప్పుకుంది, డయోసిస్‌లలో పనిచేసే సిబ్బందిని మాత్రం ఇప్పటికి డయోసిస్‌ల కిందే ఉంచి, పూర్తిగా బయటికి ఇవ్వడం గురించి ఇంకా పరిశీలిద్దామంది. వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, స్థానిక సిబ్బందిలో మంచివాళ్లు ఉన్నారు, నాకూ తెలుసు. కానీ బాధితుల్లో ఎంతోమంది ఏళ్లుగా అడిగింది ఒక్కటే, మమ్మల్ని గాయపరిచిన సంస్థే మా ఫిర్యాదు తీసుకోకూడదని. ఆ ఒక్కటీ వాయిదా పడింది.

కాథలిక్ చర్చిలో?

అక్కడ నాకు మరిచిపోలేని ఉదాహరణ మేరీ కాలిన్స్. ఐర్లాండు ఆవిడ, చిన్నప్పుడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక ప్రీస్టు చేతిలో హింసకు గురయ్యారు. పోప్ ఫ్రాన్సిస్ 2014లో పిల్లల రక్షణ కోసం వేసిన కమిషన్‌లో ఆవిడ సభ్యురాలు. 2017 మార్చిలో రాజీనామా చేశారు. కారణాల్లో ఒకటి వింటే చాలా చిన్నదిగా అనిపిస్తుంది. బాధితులు వాటికన్‌కు రాసే ప్రతి ఉత్తరానికీ జవాబు ఇవ్వాలని కమిషన్ అడిగింది, పోప్ సరేనన్నారు, అమలు చేయాల్సిన కార్యాలయం మాత్రం ఒప్పుకోలేదు. ఒక ఉత్తరం అందిందని తిరిగి రాయడం! బాధితులను పెద్ద బల్ల దగ్గర కూర్చోబెట్టి, వాళ్లు అడిగిన అతి చిన్న పని కూడా కింద ఆఫీసులో ఆగిపోతే, ఆ కుర్చీ ఎందుకు వేసినట్టు?

ఆ తర్వాత కొన్ని మారాయి. 2019 డిసెంబరులో ఇలాంటి కేసులకు పాంటిఫికల్ సీక్రెట్, అంటే వాటికన్ అధికార రహస్యం నిబంధన, వర్తించదని ప్రకటించారు. చిలీకి చెందిన సర్వైవర్ హువాన్ కార్లోస్ క్రూస్ 2021లో అదే కమిషన్‌లోకి వచ్చారు. దారి మూసుకుపోలేదు, కానీ మేరీ కాలిన్స్ ప్రశ్న ఇంకా అక్కడే ఉంది.

సరిగ్గా జరిగిన ఉదాహరణ ఒక్కటీ లేదా?

పూర్తిగా సరిగ్గా అంటే చెప్పలేను. ఫ్రాన్స్‌లో కాథలిక్ చర్చిలో జరిగిన హింస మీద జాన్-మార్క్ సోవే నాయకత్వంలో పనిచేసిన కమిషన్ నా దృష్టిలో దగ్గరగా వచ్చింది. అది చర్చి డబ్బుతోనే ఏర్పడింది, కానీ సభ్యులను సోవే ఎంచుకున్నారు, బిషప్పులు కాదు. ముందు బాధితుల మాట, తర్వాతే దస్త్రాలు. వాళ్లు పెట్టిన ఫోన్ లైనుకు, చిరునామాలకు 6,471 పిలుపులు, ఉత్తరాలు, మెయిళ్లు వచ్చాయి. విన్నవాళ్లే మారిపోయారని 2021 అక్టోబరు 5న వచ్చిన ఆ నివేదిక చదివితే అర్థమవుతుంది. బాధితులు ఇచ్చింది 'సమాచారం' కాదు 'జ్ఞానం' అన్న దృష్టితో అది రాశారు. 1950 నుంచి పాదిరులు, సన్యాసుల చేతిలో 2,16,000 మంది పిల్లలు హింసకు గురై ఉంటారని అంచనా కట్టారు. ఆ అంచనా మీద తర్వాత వాదనలు నడిచాయి, అయినా నష్టపరిహారం కోసం, గుర్తింపు కోసం బిషప్పులు విడిగా ఒక సంస్థ పెట్టక తప్పలేదు.

ఇంగ్లాండులో కూడా ఒకటి చెప్పుకోవాలి. చర్చ్ ఆఫ్ ఇంగ్లాండు నిధులు చూసే చర్చ్ కమిషనర్లు 2023లో బాధితుల పరిహార పథకానికి 15 కోట్ల పౌండ్ల దాకా కేటాయించారు. దాని నియమాలు తయారుచేసేటప్పుడు సర్వైవర్ల బృందం ఒకటి మొదటి నుంచీ పనిచేసింది. డబ్బు ఒక్కటే కాకుండా క్షమాపణ, కౌన్సెలింగు లాంటివీ పథకంలో భాగం చేశారు. ఆలస్యం మాత్రం విపరీతం. ఎదురుచూసేవాళ్లలో ముసలివాళ్లున్నారు, అనారోగ్యంతో ఉన్నవాళ్లున్నారు.

మా చర్చిలో ఒక సర్వైవర్ చేత సాక్ష్యం చెప్పిద్దామనుకుంటున్నాం, మంచిదేనా?

దయచేసి ఆగండి. మన తెలుగు సంఘాల్లో సాక్ష్యం అనే మాటకు ఒక ఆకారం ఉంది. కష్టం వచ్చింది, కన్నీళ్లు పెట్టుకున్నాను, ప్రార్థించాను, దేవుడు విడిపించాడు, అందరూ హల్లెలూయా చెప్పండి. ఆ ఆకారంలోకి ఈ మనిషి కథను తోస్తే రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, ఇంకా విడుదల కాని మనిషి చేత విడుదలైనట్టు చెప్పించడం. రెండోది ఇంకా ప్రమాదం, విన్నవాళ్లు ఏడ్చి, చప్పట్లు కొట్టి, ఏదో చేసేశామన్న తృప్తితో ఇంటికెళ్లి అన్నం తినడం. మరుసటి ఆదివారం నోటీసు బోర్డు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

కథ వినడం, సలహా అడగడం వేర్వేరు పనులు. సలహా ఇవ్వడానికి తన కథ చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. 'మా ఫారం చూసి తప్పులు చెప్పండి' అంటే చాలు, 'మీకేం జరిగింది' అని అడగక్కర్లేదు. ఆవిడ తనంతట తను చెబుతానంటే వినండి, అదీ మైకులో కాదు.

మీటింగ్ ఎలా పెట్టాలి?

ముందు మేం ఎలా చెడగొట్టామో చెబుతాను. మేం మొదటిసారి పిలిచింది పైన చెప్పినావిడను కాదు, వేరొకరిని. వెస్ట్రీలో, అంటే చర్చిలో పాదిరి గదిలో కూర్చోబెట్టాం, పాదిరిగారు తెల్ల కాలరుతో, మేం ఐదుగురం, ఎదురుగా ఆవిడ ఒక్కరే. ప్రార్థనతో మొదలుపెట్టాం. ఇరవై నిమిషాలకు ఆవిడ లేచి వెళ్లిపోయారు. రెండు వారాల తర్వాత ఆవిడే పెద్ద మనసుతో ఫోన్ చేసి కారణాలు చెప్పారు. చర్చి గదుల్లో ఉండే పాత చెక్క, మైనపు వత్తుల వాసన ఆవిడకు పడదు. ప్రార్థనలో కళ్లు మూసుకోమన్నప్పుడు గొంతు పట్టేసింది. అన్నిటికంటే ముఖ్యంగా, తలుపుకూ ఆవిడకూ మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నది నేనే. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇప్పటికీ ఏ గదిలోకి వెళ్లినా ముందు తలుపు ఎక్కడుందో చూసుకుంటాను.

తర్వాత నేర్చుకున్నవి ఇవి. చోటు వాళ్లను ఎంచుకోనివ్వండి, లైబ్రరీ గది కావచ్చు, ఆన్‌లైన్ కావచ్చు, కెమెరా ఆపుకుని మాట్లాడవచ్చు. ఒక్కరినే పిలవకండి, కనీసం ఇద్దరు ముగ్గురైనా ఉండాలి, తోడు తెచ్చుకోమనండి. ప్రార్థన చేయాలా వద్దా ముందే అడగండి. ఏం మాట్లాడబోతున్నారో వారం ముందే కాగితం పంపండి. మధ్యలో వెళ్లిపోతే ఎందుకని ఎవరూ అడగరని ముందే చెప్పండి. మర్నాడు ఒకరు ఫోన్ చేసి ఎలా ఉన్నారని కనుక్కోవాలి, ఎందుకంటే మీటింగులో గట్టిగా ఉన్న మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు.

ఇంకొకటి, అందరూ వదిలేసేది ఇదే: వాళ్లు చెప్పినవాటిలో ఏది చేశారు, ఏది చేయలేదు, చేయకపోతే ఎందుకు, ఇంత కాలంలోగా రాసి పంపుతామని మొదటి రోజే మాట ఇవ్వండి, ఇచ్చిన తేదీకి పంపండి. 'చేయలేం' అన్న జవాబును చాలామంది తట్టుకుంటారు, జవాబు రాకపోతేనే తట్టుకోలేరు. చిన్నప్పుడు చెప్పినా ఎవరూ పట్టించుకోని మనిషికి మళ్లీ అదే జరిగినట్టు అవుతుంది.

డబ్బు ఇవ్వాలా?

ఇవ్వాలి. కన్సల్టెంటుకు ఇస్తారు, ఆడిటర్‌కు ఇస్తారు, ఇవాళ బస్సు ఛార్జీ కూడా తన జేబులోంచి పెట్టుకుని వచ్చి మీ తప్పులు దిద్దిపెట్టే మనిషికి టీ, బిస్కెట్లా? చిన్న సంఘం అయితే కనీసం ప్రయాణం, పిల్లలను చూసుకునే ఖర్చు ఇవ్వండి. కొందరు 'చర్చి డబ్బు మేం ముట్టుకోం' అంటారు, అదీ వాళ్ల ఇష్టం. కానీ ఒక్క జాగ్రత్త. ఆ డబ్బు నోరు మూయించడానికి కాదని, తర్వాత బయట చర్చిని విమర్శించినా ఇబ్బంది లేదని రాసి ఇవ్వండి.

వాళ్లు కోపంగా మాట్లాడితే? ఒకరితో ఒకరికి పడకపోతే?

కోపంగానే మాట్లాడతారు. శాంతంగా, నవ్వుతూ, కమిటీ భాషలో మాట్లాడేవాళ్లనే ఏరుకుని పిలిచే అలవాటు చర్చిల్లో బాగా ఉంది. కోపం ఉన్నవాళ్లనే పిలవండి, మీ దగ్గర ఏది పాడైపోయిందో వాళ్లకు ఎక్కువ తెలుసు. ఇక అభిప్రాయ భేదాలంటారా, ఒకరు పాత సమీక్షలన్నీ బహిరంగం చేయాలంటారు, ఇంకొకరు నా ఫైలు ఎవరూ చూడకూడదంటారు. ఇద్దరూ సరే. మీ సంఘ కౌన్సిల్‌లో ఎప్పుడైనా అందరూ ఒకే మాట మీద ఉన్నారా? బాధితులు మాత్రం ఒకే గొంతుతో మాట్లాడాలని ఎందుకు అనుకుంటాం?

చర్చి వదిలేసినవాళ్లను, దేవుణ్ణే నమ్మనివాళ్లను కూడా పిలవాలా?

ముఖ్యంగా వాళ్లనే.

క్షమించమని బైబిలు చెబుతుంది కదా? దైవజనుడి మీద మాట్లాడవచ్చా?

ఈ ప్రశ్న ఊరి నుంచే ఎక్కువ వస్తుంది, దీనికి కొంచెం నిదానంగా జవాబు చెప్పాలి.

'నేనభిషేకించినవారిని ముట్టకూడదు' అన్న మాట 105వ కీర్తనలో ఉంది. పాస్టర్ గారి మీద ఎవరైనా ఫిర్యాదు చేయబోతే మొదట బయటికొచ్చే వాక్యం అదే, దానితో ఎంతమంది ఆడపిల్లల నోళ్లు మూతపడ్డాయో దేవుడికే తెలియాలి. ఆ కీర్తన పైనుంచి చదవండి. అక్కడ అభిషేకించినవారంటే సింహాసనం మీద ఉన్నవాళ్లు కాదు. లెక్కకు కొద్దిమంది, పరదేశులు, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తిరుగుతున్న దిక్కులేని మనుషులు. వాళ్లకు హాని చేయవద్దని దేవుడు గద్దిస్తున్నది రాజులను. బలం ఉన్నవాళ్ల నుంచి బలం లేనివాళ్లను కాపాడటానికి చెప్పిన మాటను తిరగేసి, బలం ఉన్నవాళ్లకు డాలుగా వాడుతున్నాం.

ఇక క్షమాపణ. క్షమించడం బాధపడ్డ మనిషికీ దేవుడికీ మధ్య సంగతి, దానికి టైము పెట్టే హక్కు సంఘ పెద్దలకు లేదు. క్షమించినా పోలీసు కేసు కేసే. క్షమించిన తర్వాత కూడా ఆ మనిషిని పిల్లల దగ్గరికి రానివ్వకూడదు. సర్వైవర్లను సలహాకు పిలిచినప్పుడు 'ముందు మీ మనసులో కక్ష లేదు కదా' అని పరీక్ష పెట్టేవాళ్లను చూశాను. అలా అడిగే మనిషిని ఆ గదిలో ఉంచకండి.

తప్పుడు ఆరోపణలు వస్తే ఎలా? బాధితులను కూర్చోబెడితే పక్షపాతం కాదా?

వాళ్లను పిలుస్తున్నది ఏ పాస్టరు దోషి అని తేల్చడానికి కాదు, ఆ పని పోలీసులది, కోర్టుది. వీళ్లు చూసేది పద్ధతిని, అంటే ఫిర్యాదు ఎవరు తీసుకోవాలి, ఎన్ని రోజుల్లో జవాబు రావాలి, ట్రైనింగులో ఏం చెప్పాలి, సేఫ్‌గార్డింగ్ ఉద్యోగానికి ఎవరిని తీసుకోవాలి. తమ కేసు ఇంకా నడుస్తున్నవాళ్లను పిలిచేటప్పుడు మాత్రం జాగ్రత్త, ఆ కేసు గురించి అక్కడ మాట్లాడకూడదు, లేకపోతే రేపు కోర్టులో వాళ్లకే నష్టం. ఆరోపణ వచ్చిన మనిషికి కూడా సరైన, పారదర్శకమైన విచారణ కావాలి. పద్ధతి బాగుంటే అది ఇద్దరికీ మేలే.

ఇదంతా ఇంగ్లాండు గొడవ, మనకెందుకు?

మొదటిది, చర్చి సంబంధం. మచిలీపట్నంలో 1841లో అడుగుపెట్టిన మిషనరీలు ఆంగ్లికన్లే, దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1947లో ఏర్పడ్డ సి.ఎస్.ఐ. ఇవాళ్టికీ ప్రపంచ ఆంగ్లికన్ కుటుంబంలో సభ్యురాలు. ఆ కుటుంబం 2012లో ఆక్లండ్‌లో చర్చిల్లో మనుషుల భద్రత గురించి ఒక చార్టర్ ఒప్పుకుంది, 2019లో హాంకాంగ్‌లో మార్గదర్శకాలు ఆమోదించింది. బాధపడ్డవాళ్లకు అండగా నిలబడటం ఆ చార్టర్‌లోనే ఉంది. అంటే ఇది పరాయి దేశపు ఆలోచన కాదు, మన పెద్దలు కూడా కూర్చునే బల్ల దగ్గర ఒప్పుకున్న మాట.

రెండోది, చట్టం. ఏ శాఖ చర్చి అయినా, చెట్టు కింద ప్రార్థన జరిగే సంఘమైనా సరే, 18 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి, 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అదే చెబుతుంది. చెప్పకపోతే శిక్ష ఉంది, సంస్థ నడిపేవాళ్లకు అది ఇంకా ఎక్కువ. 'పెద్దల్లో కూర్చుని మాట్లాడుకుందాం, పిల్ల పెళ్లి కావాల్సింది, బయటికి పొక్కితే పరువు' అనే రాజీ పంచాయితీకి చట్టంలో చోటు లేదు. చర్చి కింద స్కూలు, హాస్టలు, ఆస్పత్రి ఉండి పదిమంది, అంతకు మించి పనిచేస్తుంటే, పని చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం ఆడవాళ్ల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. సలహా మీటింగులో ఎవరైనా ఇప్పటి పిల్లల గురించి ఏదైనా చెబితే రహస్యం అని మాట ఇవ్వకండి, ఆ మాట నిలబెట్టుకునే హక్కు మీకు లేదు. మొదట్లోనే ఆ సంగతి చెప్పేయండి.

మన దగ్గర ఇంకో కష్టం ఉంది. ఇంగ్లాండులో మనిషి ఒక చర్చి మానేసి ఇంకో ఊరు వెళ్లవచ్చు. మన పల్లెల్లో సంఘం అంటే బంధువులు, పేట, పెళ్లి సంబంధాలు, సమాధుల తోట, అన్నీ. అక్కడ పేరు బయటపడితే ఆ మనిషికి పోవడానికి చోటు లేదు. అందుకే మన దగ్గర సర్వైవర్లను సొంత సంఘం సలహాకు పిలవకపోవడమే మంచిదని నా అభిప్రాయం. డయోసిస్ స్థాయిలో, వేరే జిల్లా వాళ్లతో, పేర్లు లేకుండా, ఒక నమ్మకమైన స్త్రీ కౌన్సెలర్ ద్వారా అభిప్రాయాలు తీసుకోవచ్చు. పేరు బయటికి రాకుండా చూడటం మర్యాద కోసం మాత్రమే కాదు, బాధితుల గుర్తింపు బయటపెట్టడం మన దేశంలో నేరం కూడా.

మాది నలభై కుటుంబాల సంఘం. ఎక్కడ మొదలుపెట్టాలి?

బోర్డుతో మొదలుపెట్టండి. పాస్టర్ గారి పేరు కాకుండా, సంఘానికి సంబంధం లేని ఒక మనిషి నంబరు, దాంతోపాటు 1098 (పిల్లల హెల్ప్‌లైన్), 181 (మహిళల హెల్ప్‌లైన్), 112 (అత్యవసర నంబరు) రాసి నలుగురూ చూడని చోట అంటించండి. ఒక ఆదివారం ప్రసంగం తర్వాత, 'ఇక్కడ ఎవరికైనా ఎప్పుడైనా హాని జరిగి ఉంటే, అది వాళ్ల తప్పు కాదు, చెబితే నమ్ముతాం' అని పాస్టర్ గారు తన నోటితో చెప్పాలి. అక్కడ కూర్చున్నవాళ్లలో ఆ మాట కోసం ఎదురుచూస్తున్నవాళ్లు లేరని మీరు అనుకోకండి. ఆ తర్వాత ఎవరూ రాకపోయినా బోర్డు తీసేయకండి.

నేనే బాధితురాలిని. మా డయోసిస్ వాళ్లు కమిటీలోకి రమ్మంటున్నారు, వెళ్లాలా?

మీరు వాళ్లకు ఏమీ బాకీ లేరు, ముందు ఇది. వెళ్లకపోతే 'రేపు ఇంకో పిల్లకు జరిగితే నాదే పాపం' అని అనుకుంటున్నారేమో, ఆ బరువు మీది కాదు, చేసినవాడిది, దాచినవాళ్లది.

వెళ్లాలనిపిస్తే ముందే కొన్ని అడిగి తెలుసుకోండి. నాతోపాటు ఇంకెవరున్నారు, నేను చెప్పింది ఎవరి బల్ల మీదికి వెళ్తుంది, నిర్ణయంలో నాకు ఓటుందా లేక సలహా మాత్రమేనా, నా పేరు ఎవరెవరికి తెలుస్తుంది, కమిటీ రద్దయితే నాకు ఎవరు, ఎప్పుడు చెబుతారు. చివరి ప్రశ్న వింతగా అనిపించవచ్చు, 2023 జూన్‌లో ఏం జరిగిందో పైన చదివారు కదా. జవాబులు కాగితం మీద ఇవ్వమనండి. 'మీరు మమ్మల్ని నమ్మాలి' అని మాత్రమే అంటే ఇంకా సిద్ధంగా లేరని అర్థం. వెళ్లాక మానేయాలనిపిస్తే ఏ రోజైనా మానేయవచ్చు, ఉత్తరం రాయక్కర్లేదు, ఒక మెసేజ్ చాలు. మొదటి మీటింగుకు మీ మనిషి ఒకరిని తీసుకెళ్లండి. కుర్చీ తలుపు పక్కన వేయమనండి.